పూటకూళ్ళ యింటి పెద్దకొడుకు: ప్రకాశం పంతులుగారి విద్యార్థి జీవితము

ఆంధ్రకేసరి యనగానే మన యందరి కనుల యెదుట నిలుచు చిత్రము ఒక్కటే. 1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన మద్రాసు నగరములో సైమను సంఘమునకు వ్యతిరేకముగా హర్తాళము జరిగిన దినమున, తుపాకులు పట్టిన పోలీసుల యెదుట చొక్కా విప్పి రొమ్ము చూపి నిలిచిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. పాఠ్యపుస్తకములు ఆ చిత్రముతోనే ఆయనను మన పిల్లలకు పరిచయము చేయుచున్నవి. పాఠశాలల వార్షికోత్సవములందు బాలురు వేయు వేషమును అదియే. నేనీ వ్యాసమున ఆ రొమ్మును గురించి వ్రాయబోవుట లేదు. దానికి జానెడు క్రిందనున్న కడుపును గురించి వ్రాయదలచితిని. చాలీచాలని తిండితో చదువుకొన్న బాలుడొకడు ఆ సింహములో కడవరకు దాగి యుండెనని నా నమ్మకము.

ఈ విషయము నా తలకెక్కినది మన బిలాసపురము స్టేషనులోనే. బెంగాలు నాగపూరు రైల్వే కాలమున వాల్తేరు వైపునుండియు, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండియు వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబములలో నేటికి మూడు నాలుగు తరములు గడచినవి. తాతలు పట్టాలు వేసిరి, తండ్రులు బండ్లు నడపిరి, మనుమలు కళాశాలలకు పోవుచున్నారు. సెలవులకు పిల్లలు ఇల్లు చేరు దినములలో ప్లాటుఫారము మీద నిలిచి చూచినవారికి ఒక సంగతి కనబడును. బండి దిగిన బిడ్డను తండ్రి మార్కులడుగును. తల్లి చెక్కిళ్ళు చూచును.

కొన్ని సంవత్సరముల క్రిందట దసరా సెలవులకు మా క్వార్టర్ల వరుసలోని యొక పిల్లవాడు దూరపు నగరమునుండి వచ్చెను. ఇంజనీరింగు చదువు, ఊరి పేరు, కళాశాల పేరు ఇచట అనవసరము. వానిని చూచి కన్నతల్లియే ఒక క్షణము తెల్లబోయెను. ఇంటినుండి పంపిన మెస్సు సొమ్ములో కొంత పుస్తకములకును, కొంత పరీక్ష రుసుమునకును పోగా, మూడు నెలలపాటు అతడు ఒంటిపూట భోజనముతో నెట్టుకొని వచ్చినాడట. తోడివారడిగినపుడు కడుపులో బాగుండలేదని చెప్పెడివాడట. ఫోనులో తండ్రితో ఒక్కనాడును చెప్పలేదు. చెప్పినచో ఆయన అప్పు చేయునని వాని భయము. అదే గదిలోని మరియొక బాలునకు ఇంటినుండి డబ్బాల కొలది నేతి మిఠాయిలు వచ్చుచుండెనట. ఇద్దరును వ్రాసినది ఒకే పరీక్ష. వరిపంటకు పేరుపడి, దేశముచేత ధాన్యపు గిన్నె యనిపించుకొన్న ఛత్తీసుగఢ్ సీమలో పుట్టి పెరిగిన పిల్లవాడు మెతుకులు లెక్కపెట్టుకొని చదివెను.

ఆ రాత్రి నేను పంతులుగారి ఆత్మకథయైన ‘నా జీవిత యాత్ర’ను అలమారనుండి మరల తీసితిని. పూర్వము చదివినపుడు రాజకీయ ఘట్టములకై త్వరపడి దాటిపోయిన తొలి ప్రకరణములనే ఈ మారు నిలిచి చదివితిని.

ప్రకాశము 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలునకు సమీపమందలి వినోదరాయునిపాలెమున జన్మించెను. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. టంగుటూరు కరణీకము వారి వంశమునకు పూర్వమునుండి వచ్చినది. ముగ్గురు మగపిల్లలలో ఇతడు పెద్దవాడు. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. కరణముగారి కుటుంబమునకు ఊరిలో నున్న గౌరవము ఉన్నట్లే యుండెను గాని, ఆ గౌరవమును పొయ్యిమీద పెట్టిన ఉడుకదు గదా. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, అచట పూటకూళ్ళ యిల్లు పెట్టిరి.

ఇచట కొంచెము ఆగి చెప్పవలసి యున్నది. నేడు మన వీధులలో భోజనశాలలు లేని మలుపు లేదు. వాటిని నడపువారిని ఎవరును తక్కువగా చూడరు. ఆ కాలమున అట్లు కాదు. అన్నము పెట్టవలసినదే గాని అమ్మదగినది కాదని లోకము తలచెడిది. కోర్టు పనిమీద వచ్చిన కక్షిదారులు, ఒంటరిగా నున్న గుమాస్తాలు, బాటసారులు పూటకింతయని చెల్లించి భోజనము చేయు ఇల్లు పూటకూళ్ళ యిల్లు. దానిని నడపువారిలో పెక్కుమంది దిక్కులేని వితంతువులు. వారు వండినది తిని త్రేన్చినవారే వారిని చులుకనగా మాటలాడెడివారు. ‘కన్యాశుల్కము’ నాటకమున పూటకూళ్ళమ్మ పాత్రను చూచినవారికి ఆ పేరు లోకముచేత ఎట్లు పలుకబడెడిదో వేరుగా చెప్పనక్కరలేదు. సుబ్బమ్మగారు ఆ మాటలన్నియు వినియే యుందురు. విని, తెల్లవారుజామున లేచి పొయ్యి రాజవేసి యుందురు.

అయినను ఆ యింటి రాబడి పిల్లల పోషణకు చాలలేదు. ఊరివారికి అన్నము వండు తల్లి పెద్దకొడుకు, తన అన్నమునకై ధనికుల యిండ్లలో వారములు కుదుర్చుకొనవలసి వచ్చెను. పంతులుగారి జీవితమున సైమను ఘట్టముకంటె నన్ను ఎక్కువగా కదల్చినది ఈ సంగతియే.

వారములనిన నేమో ఈ తరము పిల్లలకు చెప్పవలెను. చేతిలో సొమ్ము లేని విద్యార్థి పట్టణములో ఏడిండ్ల గృహస్థులను ఆశ్రయించును. ఆదివారము ఒకరి యింట, సోమవారము వేరొకరి యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్ల భోజనము. డబ్బు చెల్లింపనక్కరలేదు. వినుటకు ఇది చక్కని యేర్పాటు. తెలుగునాట ఎందరో గొప్పవారు దాని వలననే చదువుకొని పైకి వచ్చిరి. అందులోని కష్టము మాత్రము తిన్నవారికే తెలియును. మొదట, ఏడిండ్లు కుదురుట యరుదు. ఐదు కుదిరి రెండు కుదరనిచో ఆ రెండు దినములును మంచినీళ్ళే. ఒక యింట తద్దినము వచ్చినచో మూడవ జాము దాటినగాని విస్తరి పడదు. బడి గంట అంతవరకు ఆగదు. పురుడో మైలయో వచ్చినచో పది దినములపాటు ఆ వారము పోయినట్లే. గృహిణి పుట్టింటికేగినను అంతే. ఏకాదశినాడు ఇంటివారు ఉపవాసమున్నచో వారాలబ్బాయియు ఆ పుణ్యమును కొంత మూటగట్టుకొనవలసినదే.

ఇవి యొక యెత్తు. ఏ యింట తనకు ఏపాటి ఆదరమో విస్తరి చూడగానే బాలునకు తెలియుట ఇంకొక యెత్తు. ఒక యింట కన్నబిడ్డ ప్రక్కనే కూర్చుండబెట్టి అడిగి అడిగి వడ్డింతురు. ఇంకొక యింట నేతి గిన్నె వరుసగా వచ్చి వచ్చి వానివద్దకు చేరునప్పటికి ఖాళీయగును. వేరొక యింట తిన్నదానికి బదులుగా నూతినుండి నీళ్ళు తోడవలెను, అంగడికి పోవలెను, ఏడ్చు పసిబిడ్డను ఆడింపవలెను. ఆ పనుల నడుమ పాఠము వల్లె వేసికొనవలెను. మారు అన్నము అడుగవచ్చునా కూడదా యని ఇల్లాలి ముఖము చూచి గ్రహించుట వారాల విద్యార్థి నేర్చు మొదటి పాఠము. ఏ ఉపాధ్యాయుడును దీనిని నేర్పడు.

ఈ యేర్పాటును కేవలము పొగడి విడిచినచో సత్యమునకు అన్యాయము చేసినట్లగును. వారములు చాలవరకు బ్రాహ్మణ బాలురకే దొరకెడివి. అంటు, ముట్టు, పంక్తి నియమములతో నిండిన యిండ్లలో తక్కిన కులముల పేద బాలునకు విస్తరి వేయువారెవరు? అంటరానివారని దూరముగా నుంచబడినవారి బిడ్డలకు భోజనపు పంక్తి మాట యటుండ, బడి గడపయే అందనంత దూరము. ఆడపిల్లలకు వారములనెడి మాటయే లేదు. అనగా, నాటి విద్యార్థులలో కడుపునిండ తినినవాడొకడు, వారములతో గడపినవాడొకడు, వారములును దొరకక చదువు మానినవారు పెక్కండ్రు. మొదటి యిద్దరి చరిత్రలు మనకు దొరకును. మూడవవాని చరిత్ర వ్రాసినవారు లేరు. 1918లో హైదరాబాదున రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసినదన్నను, స్వాతంత్ర్యము వచ్చిన పిదప సాంఘిక సంక్షేమ వసతిగృహములు ఊరూర తెరువబడినవన్నను, ఈ మూడవవాడు పడిన పాటు తెలిసినవారు పూనుకొనుట చేతనే.

ఇంకొక సంగతి కూడ జ్ఞాపకము వచ్చుచున్నది. మన రైలు మార్గము మీదనే, ఇచటికి పడమటగా నాగపురమున, ప్రకాశముకంటె కొద్దియేండ్లు చిన్నవాడైన మరియొక తెలుగు బాలుడు ఆ రోజులలోనే చదువుచుండెను. ఆయనయే తరువాత విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణముగా నిలిచి, తెలుగున విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్న కొమర్రాజు లక్ష్మణరావుగారు. ఆయనయు చిన్ననాటనే తండ్రిని కోల్పోయెను. అయితే ఆయనకు అక్క భండారు అచ్చమాంబగారి యిల్లు దొరికినది. వేళకు అన్నము, చదువుకొనుటకు దీపము, తలనొప్పి వచ్చినచో అడుగు మనిషి. ఇద్దరును తండ్రి లేని బాలురే. ఒకనికి ఒక్క అక్క యిల్లు. మరియొకనికి ఏడుగురి యిండ్లు. ఆ అక్కగారికి మాత్రము బడి చదువు లేదు. తమ్ముని చదువు నీడన ఇంటనే అక్షరములు నేర్చి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను వ్రాసి, తొలి తెలుగు కథలలో చేర్పదగిన కథలను వ్రాసి, 1905లో ముప్పదియేండ్ల వయసుననే కన్నుమూసిరి. చదువుకొనువారికి అన్నము పెట్టిన చేతులకు చదువు దొరకుట అంత సులభము కాకుండెను.

మరల ఒంగోలునకు వత్తము. ప్రకాశము బుద్ధిమంతుడైన బాలుడని చెప్పిన అబద్ధమగును. అల్లరివాడు. నాటకముల పిచ్చివాడు, స్త్రీపాత్రలు ధరించి మెప్పు పొందెను. ఆకలిగొన్న పిల్లవాడు నిత్యము విచారముగా ముడుచుకొని కూర్చుండునని తలచువారు పిల్లల నెరుగనివారు. పరీక్ష వచ్చునప్పటికి మాత్రము ఆట పాటలు తీర్పని చిక్కు ఎదురయ్యెను. పరీక్ష రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఇంట లేవు. సుబ్బమ్మగారు తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ సొమ్ము తెచ్చి యిచ్చిరి. పూటకూళ్ళ యింటిలో ఎన్ని పూటలు వండినచో మూడు రూపాయలు మిగులునో ఆమెకు తెలిసినంతగా మరెవరికి తెలియును? చీర తిరిగి విడిపింపబడెనో లేదో గాని, కొడుకు పరీక్షలో కూర్చుండెను.

ఇట్టి కుటుంబమునకు దైవమువలె దొరికినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆయన ఒంగోలు మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయులు. నాటకరంగమునను ప్రకాశమునకు గురువు. తాను రాజమహేంద్రవరమునకు నివాసము మార్చుకొనునపుడు శిష్యుని వదలిపెట్టక వెంటగొనిపోయి, అచట ఎఫ్.ఏ.లో చేర్పించి, పిమ్మట న్యాయశాస్త్రము చదువుటకు మద్రాసునకు పంపిరి. కులము వేరు, బంధుత్వము లేదు, ప్రతిఫలాపేక్ష లేదు. ఏడిండ్లవారు పంచుకొన్న భారమును ఒక్క ఉపాధ్యాయుడు తలకెత్తుకొనెను. పంతులుగారు తమ ఆత్మకథలో ఈ గురువును స్మరించిన తీరు చూచినవారికి, ఆయన ఎంత పెద్ద పదవులలో నున్నను ఈ ఋణమును మరువలేదని తెలియును.

రాజమహేంద్రవరము మాట వచ్చినది గనుక చెప్పెదను. ఆ దినములలోనే గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతము అన్నము పెట్టుచుండిరి. ఆమె 1909లో గతించిరి. నూటపదునేండ్లు దాటిన పిదప, 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ యమ్మ పేరనే ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో మధ్యాహ్న భోజనమును ఆరంభించినది. బడిపిల్లలకు ఆ భోజనము ఎంతో కాలమునుండి కలదు. పదవ తరగతి దాటగానే పిల్లలకు ఆకలి వేయుట ఆగిపోవునని పెద్దలు తలచిరో యేమో, చాలకాలము ఆ యేర్పాటు అచటనే నిలిచిపోయెను. పదునారేండ్ల వయసున వేయు ఆకలి ఎట్టిదో మనలో మరచినవారుండరు.

మద్రాసున న్యాయశాస్త్రము ముగించి ప్రకాశముగారు రెండవ తరగతి ప్లీడరుగా రాజమహేంద్రవరమున వృత్తి నెలకొల్పిరి. అక్కడినుండి ఆకలి మాట పోయినది. పేరు వచ్చెను, సొమ్ము వచ్చెను, పురపాలక సంఘాధ్యక్ష పదవియు వచ్చెను. అయితే రెండవ తరగతి ప్లీడరులకు హైకోర్టులో వాదించు హక్కు లేదు. ఆ యడ్డు తొలగించుకొనుటకై 1904లో ఇంగ్లండునకు పోయి బారిష్టరు చదువునకు చేరిరి. మాంసము ముట్టనని తల్లికి మాట యిచ్చిన పిదపనే ఓడ నెక్కిరి.

బారిష్టరు చదువున ఒక విచిత్రమున్నది. అచటి న్యాయవాద సంఘములలో చేరిన విద్యార్థి పరీక్షలు మాత్రము వ్రాసిన చాలదు. విడుదలకొక లెక్క చొప్పున, నియమిత సంఖ్యలో విందులకు హాజరై భోజనము చేయవలెను. అట్లు చేయనిచో పట్టా లేదు. పెద్దలతో కలసి భుజించుట వలన వృత్తి మర్యాదలు అలవడునని వారి యభిప్రాయము. ఆ విందులకు రుసుము చెల్లింపవలసినది విద్యార్థియే. ఒంగోలులో భోజనము దొరకనిచో చదువు సాగునా యని తల్లడిల్లిన బాలుడు, లండనులో భోజనము చేసినగాని చదువు ముగియదను చోటికి చేరెను. మాంసము ముట్టని ప్రకాశముగారు ఆ బల్లల ముందర ఏమి తిని ఏమి వదలి యుందురో ఊహించుకొన్నపుడు నాకు నవ్వును వచ్చినది, మనసు కలతయు పడినది. లోకమున చదువునకును తిండికిని గల ముడి ఎంత గట్టిదో, అది ఎవరికి ఏ వైపున బిగియునో!

దాదాభాయి నౌరోజీగారు పార్లమెంటు ఎన్నికలలో నిలిచినపుడు ఆయన పక్షమున పనిచేయుట కూడ ఆ లండను దినములలోనిదే. 1907లో స్వదేశమునకు వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ఆరంభించిరి. అచట వారి ఆర్జన ఎంతటిదో నాటివారు కథలుగా చెప్పుకొనెడివారు. 1921లో గాంధీజీ పిలుపునకు లోబడి ఆ ప్రాక్టీసును ఒక్కపెట్టున విడిచిరి. అదే సంవత్సరము ‘స్వరాజ్య’ పత్రికను ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో నెలకొల్పి, సంపాదించినదంతయు దానికి పోసిరి. పత్రిక నిలువలేదు, సొమ్ము తిరిగి రాలేదు. లెక్కలు చూచుకొనుట ఆయనకు చేతకాదని మిత్రులే విసుగుకొనిరి; మొండితనమని ప్రత్యర్థులు నిందించిరి. ఆ నిందలలో కొంత సత్యము లేకపోలేదు. బాల్యమున లేమి చూచినవారు రెండు విధములుగా తయారగుదురని నాకు తోచును. కొందరు ప్రతి కాసును పిడికిట బిగింతురు. కొందరికి సొమ్మన్నది పూటకూటివలె, ఈ పూటకు వచ్చి ఈ పూటకే పంచబడునది. పంతులుగారు ఈ రెండవ తెగవారు.

తరువాతి సంగతులు మీరెరిగినవే గనుక వేగముగా దాటెదను. 1937లో మద్రాసు రాష్ట్ర మంత్రివర్గమున రెవిన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులు. పిదప వ్యక్తి సత్యాగ్రహము, క్విట్ ఇండియా, ఇంచుమించు మూడేండ్ల చెరసాల. 1946 ఏప్రిలు 30న మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ప్రమాణము చేసిరి. ఆనాడు ముఖ్యమంత్రిని ప్రధాని యనెడివారు. ఆ పదవియు పదకొండు నెలలు నిండక మునుపే చేజారెను.

ఆ కొలది నెలలలో ఆయన చేపట్టిన వానిలో ఒకటి మాత్రము నా విషయమునకు చెందినది. యుద్ధము ముగిసినను తిండిగింజల కరవు తీరలేదు. బియ్యము రేషను కార్డులమీద కొలిచి యిచ్చుచుండిరి. నడుమ వర్తకుని చేతిలో ధర పెరుగుటయు, సరకు మాయమగుటయు చూచి, పండించువారును తినువారును ఒకే సహకార సంఘమున చేరవలెనని పంతులుగారు పట్టుబట్టిరి. ఉత్పత్తిదారుల వినియోగదారుల సహకార సంఘములని వానికి పేరు. ఫిర్కాల వారీగా గ్రామములను బాగుచేయు పథకమును కూడ అపుడే ఆరంభమైనది. ఈ సంఘములు కొన్ని చక్కగా నడచినవి, కొన్ని చెడినవి. వర్తకులు వ్యతిరేకించిరి, సొంత పక్షమువారే పెదవి విరిచిరి. ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని ఎట్లు తూచుదురో వారిష్టము. నాకు మాత్రము, పండినచోటికిని విస్తరికిని నడుమ ఎన్ని చేతులున్నవో చిన్ననాటనే లెక్కించి చూచిన మనిషి చేసిన పనిగా కనబడును. ప్రధాని పీఠమున కూర్చున్నవాడు పూటకూళ్ళ యింటి కొడుకే.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు ఎనుబదియొక యేండ్ల వయసున తొలి ముఖ్యమంత్రియైరి. కర్నూలులో గుడారముల నడుమ ఆరంభమైన ప్రభుత్వమది. 1954లో తిరుపతిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడినది వారి కాలముననే. రాయలసీమ, నెల్లూరు ప్రాంతముల పిల్లలు పై చదువునకై మద్రాసునకో విశాఖపట్టణమునకో పోయి పరాయియూరి కూటికి అలమటింపవలసిన పని దీనితో కొంత తగ్గినది. చదువు దగ్గరకు వచ్చుట యనిన అన్నము దగ్గరకు వచ్చుటయే. ఈ సంగతి మన బిలాసపురమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇచట 1983లో గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము వచ్చిన పిదప ఇంటి భోజనము చేసి పట్టభద్రులైన పిల్లలు మన కాలనీలోనే ఎందరో యున్నారు. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి, చిన్న గదులు అద్దెకు తీసికొని, కుక్కరులో అన్నము వండుకొని తరగతికి పరుగెత్తు పిల్లలును ఈ యూరిలో కలరు. వారి గదుల కిటికీలనుండి వచ్చు వాసన నెలాఖరున ఉట్టి అన్నపు వాసనయే.

మద్యనిషేధపు వివాదమున 1954 నవంబరులో పంతులుగారి ప్రభుత్వము పడిపోయినది. వేలకు వేలు ఆర్జించిన చేతులలో కడపట చెప్పుకొనదగినంత ఆస్తి యేమియు మిగులలేదు. అయినను ఊరు విడిచి ఊరు తిరుగుట మానలేదు. 1957 మే నెల యెండలలో తిరిగి తిరిగి వడదెబ్బ తిని, ఆ నెల 20వ తేదీన హైదరాబాదున కన్నుమూసిరి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా ఏర్పడిన క్రొత్త జిల్లాకు, వారి శతజయంతి సంవత్సరమైన 1972లో ప్రకాశం జిల్లా యని పేరు పెట్టిరి. పట్టుచీర తాకట్టు పెట్టిన ఒంగోలు నేడు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము.

దసరా సెలవులు ముగిసి మా వరుసలోని పిల్లవాడు మరల బండి యెక్కునాడు నేనును స్టేషనునకు పోయితిని. తల్లి ఈ మారు కందిపొడి, గోంగూర పచ్చడి, జంతికలు రెండు మనుష్యులకు సరిపడునంతగా కట్టినది. గదిలోని రెండవవాడు మిఠాయిలే గాని కారము ఎరుగడట. తండ్రి తక్కువ మాటల మనిషి. మెస్సు సొమ్ము ఇకమీదట కొడుకు చేతికి గాక నేరుగా మెస్సు ఖాతాకే పంపుదుననియు, పరీక్ష రుసుమునకు వేరుగా అడుగుమనియు మాత్రము చెప్పెను. పిల్లవాడు తలయూచెను. బండి కదలినది.